తేళ్ల ఆటలో కొమురయ్య డ్యూటీ

కొమురయ్యను నా షాపు గుమ్మంలో స్టూలు వేసి కూర్చోబెట్టింది నన్ను ఇస్నాపూర్ నుంచి సాగనంపడానికి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఆయన గురించి నేను ఎన్ని మంచి మాటలు చెప్పినా, మొదట్లో మాత్రం ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

నా పేరు నాగేశ్వరి. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా ఆయన రామలింగేశ్వరరావుగారికి ప్రభుత్వ కంపెనీలో ఉద్యోగం రావడంతో పెళ్లయిన కొత్తలోనే ఇటు పటాన్‌చెరు వైపు వచ్చేశాం. ఆయన ముందుగానే ఉద్యోగం మానేసి, పేపరు చదవడమే ఉద్యోగంగా పెట్టుకున్నాక, రెండు వేల నాలుగులో నేను ఇస్నాపూర్ రోడ్డు మీద ఒక షటరు కిరాయికి తీసుకుని కంప్యూటర్ ఆటల షాపు పెట్టాను. పైన పెద్ద బోర్డు రాయించాను, 'నాగేశ్వరి కంప్యూటర్ గేమ్స్' అని. పుట్టింట్లో ఫలానావారి అమ్మాయిని, అత్తింట్లో ఫలానావారి కోడలిని, కంపెనీ క్వార్టర్లలో ఫలానావారి మిసెస్‌ని. నా పేరు నా పేరుగా ఎక్కిన చోటు ఆ బోర్డొక్కటే. రోడ్డుకి అవతల నిలబడి దాన్ని చదువుకుని మురిసిపోయిన రోజులున్నాయి. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు.

షాపుకి వచ్చేవాళ్లంతా ఫ్యాక్టరీ పనివాళ్లే. చుట్టుపక్కల గదుల్లో కిరాయికుండే బీహారు వాళ్లు, ఒడిశా వాళ్లు, జహీరాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు. షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇంత తిని వచ్చి కూర్చునేవారు. ఎన్ని ఆటలున్నా వాళ్లు పడిచచ్చేది ఒక్కదాని మీదే. అప్పట్లో కేబుల్లో 'ఫార్ లాంతర్' అని ఒక ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. అంతరిక్షంలో దారి తప్పిన ఓడ, అందులో ఒక కుంటి కెప్టెన్, ఓడలోకి జొరబడిన తేళ్లలాంటి జీవులు. ఒక్కో తేలు దూడంత ఉంటుంది. ఆ సీరియల్నే ఆటగా చేశారు. తెర మీద మన ఒళ్లు మనకి కనబడదు. మన రెండు చేతులు, చేతుల్లో తుపాకీ, ఎదురుగా చీకటి నడవ కనబడతాయి. అంటే మనమే లోపలికి దిగి నడుస్తున్నట్టు ఉంటుంది. ఇస్నాపూర్ మొత్తం దాన్ని తేళ్ల ఆట అనేది.

అందులో ముగ్గురు కలిసి ఆడే ఘట్టం ఒకటుంది. దానికే గిరాకీ. ఒకరు ఇంజను గదిలో హ్యాండిల్ పట్టుకుని నిలబడాలి. అది పట్టుకున్నంతసేపే ఓడలో గాలి ఆడుతుంది. మిగతా ఇద్దరూ తేళ్లని కాల్చుకుంటూ అవతలి చివరికి వెళ్లి, అక్కడ చిక్కుకున్న కెప్టెన్‌ని నడిపించుకుని రావాలి. చివర్లో సైరన్ మోగుతుంది, 'అందరూ పడవ ఎక్కండి' అని ఓడ అరుస్తుంది. అప్పుడు ముగ్గురూ కెప్టెన్‌తో సహా చిన్న పడవలోకి ఎక్కాలి. హ్యాండిల్ వదిలేస్తే గాలి కాసేపే నిలుస్తుంది. ఆ తర్వాత తెర ఎర్రబడుతుంది, బయట మిగిలినవాళ్లు పోతారు.

ఇక షటరు ఓనరు పెద్దరాములు. ఊళ్లో ఆయన మాటకు తిరుగులేదు. పడుచుతనంలో కబడ్డీ ఆడి గెలిచిన కప్పులు పంచాయతీ ఆఫీసులో అద్దాల బీరువాలో ఉన్నాయి. ఆయన ఒక పొద్దున వచ్చి షాపు మధ్యలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, తెరల మీద తేళ్లని కాసేపు చూశాడు.

"నాగేశ్వరమ్మా, దసరాకు షటర్ ఖాళీ చెయ్యి. గిది ఆట గాదు, రోగం," అన్నాడు.

"మీరు కబడ్డీ ఆడితే ఆటా, వీళ్లు ఇది ఆడితే రోగమా అండీ?" అన్నాను. నా నోటికి తాళం వేసుకునే అలవాటు నాకు లేదు.

"కబడ్డిల కప్పొస్తది, ఊరికి పేరొస్తది. నీ తేళ్లతోని ఏమొస్తది? కండ్లకు అద్దాలొస్తయ్."

నలుగురూ నవ్వారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంతటితో ఊరుకున్నాడా, దసరా వచ్చేదాకా ఎవడూ డ్యూటీ ఎగ్గొట్టి ఇక్కడ కూర్చోకుండా కాపలా కాయమని తన బామ్మర్దిని పంపించాడు. ఆ బామ్మర్దే కొమురయ్య.

యాభై దాటిన మనిషి. ఎండిన కంది కట్టెలా ఉండేవాడు. ఎప్పుడూ ఖాకీ చొక్కానే, ఇంటి దగ్గర కూడా. ఆయన నాగలి దున్నిన చెలకలోనే ఫ్యాక్టరీ వచ్చింది. జొన్న పండిన చోట బాయిలర్ కట్టారు, భూమి ఇచ్చినందుకు అక్కడే పనిచ్చారు. "నా చెలక నన్ను ఇడిసిపెట్టలే, నేను దాన్ని ఇడిసిపెట్టలే," అనేవాడు. ముందు బొగ్గు తోశాడు, తర్వాత పరీక్ష పాసై బాయిలర్ ఆపరేటరు అయ్యాడు. పెద్దరాములు కూడా రిటైరయ్యేదాకా ఆ బాయిలర్ మనిషే.

బాయిలర్ దగ్గర ఒక పద్ధతి ఉంది. షిఫ్టు అయిపోయినా, గంట మోగినా, తర్వాతి మనిషి వచ్చి మీటర్లు చూసుకుని "ఛార్జి తీసుకున్న" అని నోటితో చెప్పేదాకా ముందు మనిషి కదలకూడదు. అలా వచ్చే మనిషిని రిలీవర్ అంటారు. చూసే దిక్కు లేక నీళ్లు తగ్గిపోతే బాయిలర్ పేలుతుంది, చుట్టుపక్కల వాళ్ల ప్రాణాలు పోతాయి. కొమురయ్యకు పెద్దరాములు రిలీవరు, పెద్దరాములుకు కొమురయ్య. బావాబామ్మర్దులు ఇద్దరూ పండగపూట ఇంట్లో పక్కపక్కన కూర్చుని తిన్నది తక్కువ, బాయిలర్ ముందు ఒకరికొకరు ఎదురుపడింది ఎక్కువ.

సరే, గుమ్మంలో స్టూలు. వచ్చినవాణ్ణల్లా ఆపి, "ఏ షిఫ్టు? ఏ కంపిని? కార్డు చూపియ్," అని అడిగేవాడు. సగం మంది ఆ గొడవకి జడిసి వెనక్కి పోయేవారు. నేను లోపల పళ్లు నూరుకునేదాన్ని. మజ్జిగిస్తే తాగేవాడు, టీ ఇస్తే తాగేవాడు, కాపలా మాత్రం కాసేవాడు. ఇదెక్కడి శని రా భగవంతుడా అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ముగ్గురు ఒడిశా వాళ్లు తేళ్ల ఆట ఆడుతున్నారు. ఇంజను గదిలో ఉన్నవాడికి తేలు కనబడింది. కాలిస్తే పేరొస్తుందని హ్యాండిల్ వదిలి దాని వెంట పడ్డాడు. అంతే! స్టూలు కింద పడిన చప్పుడు. కొమురయ్య లోపలికి దూసుకొచ్చి వాడి కాలరు పట్టుకున్నాడు.

"ఏయ్! హాండిల్ ఇడిసిపెట్టి యాడికి పోతున్నవ్ రా? అండ్ల ఇద్దరు మనుషులున్నరు కదరా! ఊపిరాడక సస్తరు!"

వాడు బిత్తరపోయి, "ఏ తో గేమ్ హై అంకుల్," అన్నాడు.

"ఏం గేమురా? డ్యూటీ డ్యూటీయే! లే అవతలికి!"

వాణ్ణి లేపేసి తానే కూర్చున్నాడు. "ఏది ఒత్తాలె?" అని నన్ను అడిగాడు. చూపించాను. రెండు చేతుల వేళ్లూ కలిపి ఆ ఒక్క బటన్ మీద ఆనించి, బాయిలర్ వాల్వు తిప్పినంత బలంగా నొక్కిపట్టాడు. తేళ్లు వచ్చి కుడుతున్నా కదల్లేదు. ఆ ఇద్దరూ కెప్టెన్‌ని తెచ్చేదాకా అలాగే ఉన్నాడు. లేచేసరికి చొక్కా చెమటతో తడిసిపోయింది. నా కీబోర్డులో ఆ బటన్ మళ్లీ పైకి లేవలేదు. కొత్తది కొనాల్సొచ్చింది, అది వేరే కథ.

మర్నాటి నుంచి కాపలా మనిషే షాపులో మొదటి గిరాకీ. ఇంతా చేసి కాల్చడం వచ్చా అంటే రాదు. తుపాకీ తూర్పుకి పెడితే గుండు పడమటికి పోయేది. నడవమంటే గోడకి గుద్దుకునేవాడు. కానీ ఇంజను గదిలో నిలబెడితే చాలు, ఇక దాని గురించి బెంగ అక్కర్లేదు. జట్టు జట్టూ "కొమురన్న మాకు కావాలె," అని కొట్టుకునేవారు. ఆ ఓడలో మనుషులు ఉత్త బొమ్మలని నేను ఎన్నిసార్లు చెప్పినా, "బొమ్మలైతె ఏంది, ఊపిరి ఊపిరే గదా," అనేవాడు.

పెద్దరాములుకి తెలిసి రంకెలేసుకుంటూ వచ్చాడు. "కావలి పెడితె కావలోడే చేన్ల పడ్డట్టాయె! సిగ్గు లేదు బామ్మర్దీ, గింత వయసొచ్చి?"

"బావా, గా ఇంజన్ రూము ఒక్కసారి చూడు. మన బాయిలర్ లెక్కనే ఉంటది," అన్నాడు కొమురయ్య, మొహం వెలిగిపోతూ.

"నేనెందుకు చూస్త? దసరాకు షటర్ మూస్త!"

సరిగ్గా ఆ వారమే పటాన్‌చెరులో పోటీల సంగతి తెలిసింది. ఏటా జరిగే కార్మికుల ఆటల పోటీల్లో వాలీబాలు, క్యారంసుతో పాటు ఈసారి తేళ్ల ఆట కూడా పెట్టారు. దసరా ముందు ఆదివారం ఫంక్షన్ హాల్లో ఫైనల్. గెలిచిన ఊరికి కప్పు. ఆ మాట వినగానే నేను పెద్దరాములు ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"కప్పొస్తేనే ఆట అన్నారుగా. మేం కప్పు తెస్తే?"

మనవడికి అన్నం తినిపిస్తున్నవాడు తల కూడా ఎత్తలేదు. "తే. మా కబడ్డి కప్పుల పక్కకు పెడత. షటర్ నీదే, నేను నోరెత్త. తేకపోతె తెల్లారి తాళం నా చేతుల పెట్టాలె."

"అలాగే," అని వచ్చేశాను. రోడ్డు మీదకి వచ్చాక గానీ ఏం ఒప్పుకున్నానో తెలిసిరాలేదు. రోట్లో తలపెట్టాక రోకటిపోటుకి వెరవడమెందుకు అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ వెరపు వెరపే.

జట్టులో ముగ్గురు కావాలి. పుష్పమ్మ అని జహీరాబాద్ వైపు పిల్ల, ఇంజక్షన్ మందుల ఫ్యాక్టరీలో సీసాలు దీపం ముందు పెట్టి నలుసులున్నాయేమో చూసే పని. చీకట్లో పైకప్పుకి కరుచుకున్న తేలు మాకెవరికీ కనబడకముందే దాన్ని కాల్చి పడేసేది. నోరు నాకన్నా పెద్దది. రెండోవాడు ముకేష్, లారీల్లోకి డ్రమ్ములు ఎక్కించే బీహారీ. ఆటలో వాడంత వేగంగా పరిగెత్తేవాడు ఇస్నాపూర్‌లో లేడు. ఇంజను గదికి కొమురయ్య. ఇక కప్పు మా చేతుల్లో పడినట్టే అనుకున్నాను.

ఆలు లేదు చూలు లేదు అన్న సామెత నాలాంటిదాన్ని చూసే పుట్టుంటుంది. ముగ్గురూ కలిసి ఆడిన మొదటి రోజే ఓడిపోయారు. రెండో రోజూ ఓడిపోయారు. ఎందుకంటారా? కెప్టెన్‌ని పడవ దాకా తెచ్చారు. సైరన్ మోగింది. 'అందరూ పడవ ఎక్కండి' అని ఓడ అరుస్తోంది. కొమురయ్య కదలడు!

"కాకా, రా! అయిపోయింది, ఉరికి రా!" అని పుష్పమ్మ పక్క కుర్చీలోంచే గొంతు చించుకుంది.

"ఎట్ల వస్త? రిలీవర్ రాలె."

"ఆటల రిలీవరేందే కాకా! నీ పంతం మన్నుగాను!"

పడవ వెళ్లిపోయింది. ఇంజను గదిలో కొమురయ్య ఒక్కడే హ్యాండిల్ పట్టుకుని మిగిలాడు. ముగ్గురూ ఎక్కితేనే లెక్క. ఓటమి.

అందరం చెప్పాం. బతిమాలాం. ఇంతకాలం ఇతర జట్లతో ఆడినప్పుడు కెప్టెన్‌ని తెస్తే చాలనుకునేవాళ్లు గనక ఆయన వెనక ఉండిపోయినా పట్టించుకోలేదు. పోటీలో అలా కుదరదు. కొమురయ్య తల అడ్డంగా ఊపాడు. "సైరన్ మోగిందని పోతె వానిది నౌకరీ గాదు. మోగినప్పుడే ఉండాలె." చివరికి పుష్పమ్మకి సహనం పోయింది. "నీతోని నాగేశ్వరక్క షటర్ పోతది, చూడు!" అంది. కొమురయ్య మొహం నల్లబడింది. లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు.

నాకు కోపం నషాళానికెక్కింది. వెళ్లి నాలుగు కడిగేద్దామనే వాళ్లింటికి బయల్దేరాను. ఆయన డ్యూటీకి పోయాడు. భార్య మల్లమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నేను గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పాను. ఆవిడ విని పకపకా నవ్వింది.

"నాకు చెప్తవా అక్కా? పెద్దబిడ్డ లగ్నం నాడు గూడ గట్లనే చేసిండు. మా అన్న పెద్దరాములు పెండ్లి పనులల్ల పడి డ్యూటీకి పోవుడు ఆలస్యమైంది. అటు పెండ్లికొడుకు పీటల మీద, గీన బాయిలర్ కాడ. అల్లుని కాళ్లు కడగనీకి పిల్ల తండ్రి లేడు. ఆఖరికి మా అన్న పట్టుబట్టలతోనే కంపినికి ఉరికి, 'ఛార్జి తీసుకున్న, పో' అంటె అప్పుడొచ్చిండు."

"మరి ఇప్పుడేం చేయమంటావమ్మా? మనిషిని మార్చలేమా?"

"మార్చుడేంది? నా పెండ్లైనప్పటిసంది నా వల్ల కాలె, నీ వల్ల అయితదా? ఆయన్ని పిలవకుండ్రి అక్కా. ఎవలన్న ఒగలు పొయ్యి ఛార్జి తీసుకోండ్రి. ఆయనే వస్తడు."

ఎంత తేలికగా చెప్పింది మహాతల్లి! ఇన్నాళ్లూ మేం ఒక గుంజని పీకాలని చూస్తున్నాం, ముడి విప్పితే సరిపోయేదానికి. ఆవిడ చేతిలో ఉన్న చింతపండు లాక్కుని నోట్లో వేసుకుని పరుగున వచ్చేశాను.

సాయంత్రం కొమురయ్యను ఇంటి నుంచి ముకేషే తీసుకొచ్చాడు. ఆడారు. కెప్టెన్‌ని పుష్పమ్మకి వదిలేసి ముకేష్ ఇంజను గదిలోకి వెళ్లి, పక్కన నిలబడి, "చాచా, చార్జ్ లే లియా," అన్నాడు. కొమురయ్య చప్పున వేళ్లు తీసేశాడు! తెర మీద నడుస్తూ నడుస్తూ, గోడకి గుద్దుకుంటూ, పడవలోకి ఎక్కాడు. ఆయన పోయినంతసేపూ ముకేష్ హ్యాండిల్ పట్టుకున్నాడు కనక గాలి ఆడుతూనే ఉంది. ఆయన ఎక్కాక వాడు వదిలేసి, మిగిలిన గాలితో ఒక్క ఉరుకున వచ్చి పడ్డాడు.

అప్పుడు వెలిగింది మాకు. మిగతా జట్లన్నీ ఏం చేస్తున్నాయి? సైరన్ మోగగానే హ్యాండిల్ వదిలి ముగ్గురూ ఒకేసారి పరిగెడుతున్నారు, అందులో నిదానంగా నడిచేవాడు దారిలో పోతున్నాడు. మేమైతే నిదానస్తుణ్ణి గాలి ఉండగానే పంపించేసి, వడిగా పరిగెత్తేవాణ్ణి ఆఖరికి ఉంచుతాం. కొమురయ్య పంతమే మాకు దారి చూపించింది. పుష్పమ్మ వెళ్లి ఆయన భుజం మీద తలపెట్టి, "నన్ను తిట్టు కాకా," అంది. "తిడత తీ, కప్పు రానీ," అన్నాడు.

ఆదివారం వచ్చింది. ఫంక్షన్ హాలు కిటకిటలాడింది. షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే యూనిఫారాలతో వచ్చేశారు. స్టేజీ మీద కంప్యూటర్లు, వెనక పెళ్లి కుర్చీల పక్కన పెద్ద తెర. ముందటి జట్లన్నిటినీ దాటుకుని ఫైనల్‌కి వచ్చాం. ఎదురు జట్టు మా పాత క్వార్టర్ల క్లబ్బుది, ముగ్గురూ ట్రైనీ ఇంజనీర్లు. మంచి పిల్లలు. చేతులు కలిపి, కొమురయ్య కాళ్లకి దణ్ణం కూడా పెట్టారు. వాళ్లతో వచ్చిన క్లబ్బు ఆడవాళ్లే, "ఏమండీ నాగేశ్వరిగారూ, ఇస్నాపూర్లో తేళ్లు పెంచుతున్నారట!" అని మూతి విరిచారు. "అవునండీ, కుడితే తెలుస్తుంది," అన్నాను.

మొదటి వరసలో, చేతులు కట్టుకుని, పెద్దరాములు. తాళం తీసుకుపోవడానికి వచ్చానని నాతో చెప్పి మరీ కూర్చున్నాడు.

ముందు వాళ్లు ఆడారు. అబ్బ, ఏం ఆడారండీ! తేళ్లు రాలిపోయాయి. కెప్టెన్‌ని తెచ్చేశారు. సైరన్ మోగింది, హ్యాండిల్ వదిలారు, పరుగు. ఇద్దరు ఎక్కారు, కెప్టెన్ ఎక్కాడు, మూడోవాడు పడవ మెట్టు ముందు ఊపిరాడక పడిపోయాడు. హాలంతా చప్పట్లు. మేం తప్ప అంతవరకు వచ్చిన జట్టు ఆ రోజు ఇంకొకటి లేదు. మేం గెలవాలంటే ముగ్గురూ ఎక్కాలి. ఇద్దరే ఎక్కితే లెక్క సమానం, అప్పుడు తేళ్లు ఎక్కువ కాల్చినవాళ్లకే కప్పు, అంటే వాళ్లకే.

మా వంతు. కొమురయ్య ఖాకీ చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని కూర్చున్నాడు. బటన్ మీద వేళ్లు పెట్టాడు. ఇక ఆ చేతులు చేతులు కావు, ఉక్కు.

పుష్పమ్మ, ముకేష్ చీకట్లోకి దిగారు. "పైన, ముకేష్, పైన!" అని ఆ పిల్ల చెప్పడం, వాడు చూసేలోపే కాల్చేయడం. కెప్టెన్ దొరికాడు. కుంటుకుంటూ వస్తున్నాడు మహానుభావుడు. ఇంకాస్త త్వరగా నడవవయ్యా అని నేను కింద నుంచి అరుస్తున్నాను, వినబడుతుందన్నట్టు. సగం దారిలో నడవ కప్పు కూలింది! పుష్పమ్మా కెప్టెనూ ఇవతల, ముకేష్ అవతల. మా షాపులో అలా ఎప్పుడూ జరగలేదు. ముకేష్ వేరే దారిలో చుట్టూ తిరిగి రావాలి.

సైరన్ మోగింది.

పుష్పమ్మ కెప్టెన్‌ని పడవెక్కించి తానూ ఎక్కింది. ముకేష్ జాడ లేదు. పెద్ద తెర మీద ఎర్ర లైటు తిరుగుతోంది. ఇంజను గదిలో కొమురయ్య ఒక్కడే. ఒక తేలు వచ్చి కుట్టింది. ఇంకోటి తలుపు దగ్గర. హాలు హాలంతా లేచి నిలబడింది.

"కొమురన్నా ఉరుకు! ఉరుకన్నా!"

"చాచా, భాగో!"

నేనూ అరిచాను. అవును, నేనూ అరిచాను, "అన్నయ్యగారూ, వచ్చేయండి, ఇద్దరైనా దక్కుతారు," అని. ఎక్కడ నా బోర్డు దించేస్తారోనన్న భయంతో ఇద్దరు ఎక్కితే కప్పు రాదన్న సంగతి కూడా మర్చిపోయాను. అందరూ ఒకే మాట అరుస్తుంటే కొమురయ్య తల ఒక్కసారి జనం వైపు తిరిగింది. కళ్లు రెపరెపలాడాయి. బటన్ మీద ఒక వేలు లేచింది. నేను చూశాను.

అప్పుడు మొదటి వరసలో కుర్చీ ఎక్కి నిలబడ్డాడు పెద్దరాములు. పంచె ఊడిపోతోంది, ఒక చేత్తో పట్టుకున్నాడు. ఆ గొంతు కబడ్డీ గొంతు, హాలు దద్దరిల్లింది.

"కదలకు బామ్మర్దీ! రిలీవర్ రాంది కదలకు! లోపట మనిషున్నడు!"

కొమురయ్య లేచిన వేలు మళ్లీ బటన్ మీద పడింది. తల తెర వైపు తిరిగింది. తేలు మళ్లీ కుట్టింది, చూడలేదు. ఇంకోటి కుట్టింది, చూడలేదు. తెర మీద ఆయన ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత సన్నబడిపోతోంది. నేను కళ్లు మూసుకున్నాను.

"ఆయా! ఆయా చాచా!" ముకేష్ గొంతు. కళ్లు తెరిచేసరికి వాడు తలుపు దగ్గర తేళ్లని కాల్చి లోపలికొచ్చి హ్యాండిల్ పక్కన నిలబడ్డాడు. "చార్జ్ లే లియా! జాయియే!"

వెళ్లాలా వద్దా? వెళ్లలేదు! ఆ మనిషి ఆ సైరన్‌లో, ఆ ఎర్ర లైట్లో, ముకేష్ వైపు తిరిగి, "అంతా బరాబరుంది, పైలం," అని అప్పగింతా జాగ్రత్తా చెప్పి మరీ వేళ్లు తీశాడు. హాల్లో బాయిలర్ పనివాళ్లు ఎంతమందున్నారో ఏమో, కేకలు పెట్టి విజిళ్లు వేశారు. నేను జుట్టు పీక్కున్నాను.

నడిచాడు. గోడకి గుద్దుకున్నాడు. జనం "ఎడమకు, ఎడమకు!" అంటే కుడికి పోయాడు, మళ్లీ తిరిగాడు. ఎక్కాడు! పుష్పమ్మ, "ముకేష్, ఇడిసిపెట్టు, రా!" అని కేక పెట్టింది. ముకేష్ హ్యాండిల్ వదిలి పరిగెత్తాడు. తెర గులాబీ రంగైంది, ఎరుపైంది, చిక్కటి ఎరుపైంది. ఆ ఎరుపులోంచి ఒక్క గెంతు. పడవ తలుపు మూసుకుంది.

తెర మీద నలుగురి పేర్లూ పచ్చగా వెలిగాయి.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తు లేదు. కుర్చీలు పడిపోయాయి. ముకేష్‌ని ఎవరో భుజాలకెత్తుకున్నారు. పుష్పమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. ఆ ట్రైనీ ఇంజనీర్లు వచ్చి, "పెద్దాయనా, మాకు అది తట్టలేదు," అని కొమురయ్యను కావలించుకున్నారు. క్లబ్బు ఆడవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు, పాపం ఏం చేస్తారు. కొమురయ్య మాత్రం కుర్చీలోంచి లేవలేదు. పెద్దరాములు జనాన్ని తోసుకుంటూ స్టేజీ ఎక్కి ఆయన ముందు నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఉరికేటోనివి గదా నువ్వు," అన్నాడు పెద్దరాములు.

"ఒక్క వేలు లేసింది బావా. నిజమే."

"నేనుండంగ ఎట్ల ఉరుకుతవ్ రా!"

తిట్టి, ఆ పెద్ద మనిషి బామ్మర్ది తలని తన పొట్టకి అదుముకుని అందరి ముందూ భోరుమన్నాడు. వాళ్లిద్దరినీ చూసి నేనూ ఏడ్చాను.

ఇస్నాపూర్‌కి డప్పులతో వచ్చాం. కొమురయ్య కప్పు నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. మల్లమ్మ హారతి పళ్లెంతో ఎదురొచ్చి, "గింత జల్ది డ్యూటీ దిగినవేంది ఇయ్యాల?" అని మొగుణ్ణి ఆటపట్టించింది. ఊరేగింపు నా షాపు ముందు ఆగింది. నేను తాళం చెవి తీసి పెద్దరాములు ముందు పెట్టాను. గెలిచాం కనక ఇవ్వక్కర్లేదు, అయినా షటరు నాదేనన్న మాట ఆయన నోటితో వినాలనిపించింది.

పెద్దరాములు ఆ తాళం చెవి తీసుకున్నాడు. వంగి షటరు తాళం తీసి, రెండు చేతులతో షటరు పైకెత్తాడు, పెద్ద చప్పుడుతో. తిరిగి ఊరందరికీ వినబడేలా అన్నాడు: "గీ షటర్ నాగేశ్వరమ్మది. ఖాళీ చెయ్యమని ఎవడన్న అంటె, ముందుగాల నాతోని మాట్లాడాలె." తాళం చెవి నా చేతిలో పెట్టి, బోర్డు వైపు చూసి, "అక్షరాలు సన్నగైనయ్, దసరాకు పెద్దగ రాపియ్యి," అన్నాడు.

రాయించాను. ఈసారి బోర్డు షటరు కన్నా వెడల్పు.